ఓడ దిగి సొంతంగా తిరిగితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా కుటుంబం నలుగురం వచ్చే నెల క్రూయిజ్‌కు వెళ్తున్నాం. ఓడ ఆగే ప్రతి రేవులోనూ కంపెనీవాళ్లు టూర్లు పెట్టారు కానీ నలుగురికీ లెక్కేస్తే చాలా ఖర్చవుతోంది. దిగి, సొంతంగా టాక్సీ మాట్లాడుకుని తిరిగొద్దామని మా ఆలోచన. కంపెనీ టూర్ తీసుకోకపోతే అసలు దిగనివ్వరని ఒకరంటే, ఆలస్యమైతే వదిలేసి వెళ్లిపోతారని ఇంకొకరు భయపెడుతున్నారు. అలా వదిలేస్తే నష్టపరిహారం అడగొచ్చా? ఊళ్లో ప్రమాదం జరిగితే కంపెనీకి బాధ్యత ఉండదా?

జవాబు: దిగడానికి కంపెనీ టూర్ తీసుకుని తీరాలన్న షరతు చాలా రేవుల్లో ఉండదు. గ్యాంగ్‌వే (ఓడ దిగే వంతెన) దగ్గర ఓడవాళ్లిచ్చిన కీ కార్డు స్కాన్ చేయించుకుని దిగిపోవడమే. చిక్కు వచ్చేది వీసా దగ్గర. ఉదాహరణకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు క్రూయిజ్‌లు బాగా నడిచిన రోజుల్లో రష్యా 72 గంటల వరకు వీసా లేకుండానే దిగనిచ్చేది. అయితే అది లైసెన్సు ఉన్న సంస్థ టూర్‌లో వెళ్లేవాళ్లకు మాత్రమే. విడిగా తిరగాలంటే వీసా ఉండాల్సిందే. ఓడ ఎక్కనిచ్చారంటే ప్రతి దేశంలోనూ దిగే హక్కు వచ్చిందని కాదు. మీ పాస్‌పోర్టుకు ఏ రేవులో ఏ నియమమో బయల్దేరే ముందే ఆయా దేశాల అధికారిక సైట్లలో చూసుకోండి.

ఇక మీ అసలు భయం. ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుందన్నది నిజమే. మీరు కొన్న టికెట్ వెనుక ఒక కాంట్రాక్టు ఉంటుంది. వేళకు ఓడ చేరడం ప్రయాణికుడి బాధ్యతేనని, చేరకపోతే ఖర్చులన్నీ అతనివేనని, మిగిలిన రోజులకు డబ్బు తిరిగి ఇవ్వమని అందులో రాసి ఉంటుంది. కాబట్టి తప్పు మీదైతే నష్టపరిహారం అడగడానికి దారి లేదు. 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమ తీరంలోని సావో టోమే ద్వీపంలో ఎనిమిది మంది ఇలాగే చిక్కుకున్నారు. ప్రైవేటు టూర్‌కు వెళ్లి ఆలస్యంగా వచ్చారు. ఓడ ఇంకా కనుచూపు మేరలోనే లంగరేసి ఉంది. తీర రక్షక దళం పడవలో ఓడ దాకా తీసుకెళ్లినా కెప్టెన్ ఎక్కించుకోలేదు. వాళ్ల పాస్‌పోర్టులు అప్పటికే ఒడ్డున పోర్ట్ ఏజెంటుకు, అంటే రేవులో ఓడ కంపెనీ తరఫున పనులు చూసే ప్రతినిధికి చేరాయి. దేశాలు మారుతూ వెళ్లి, చివరికి సెనెగల్‌లో ఓడను అందుకున్నారు.

కంపెనీ టూర్‌కు వెళ్లినవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు. వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు కంపెనీయే తన ఖర్చుతో చేరుస్తుంది. చాలా కంపెనీలు ఈ మాట రాతపూర్వకంగానే ఇస్తాయి. మీ కంపెనీ ఇచ్చిందో లేదో చదివి చూడండి. మీరు కట్టే అదనపు డబ్బుకు చట్టపరంగా దక్కే గట్టి హామీ, నా దృష్టిలో, ఇదొక్కటే.

భద్రతకు హామీ అందులో ఉంటుందనుకోవద్దు. ఇది చాలామందికి తెలియదు, తెలియాలి. టూర్ నడిపేది సాధారణంగా స్థానిక సంస్థ. ఆ సంస్థ స్వతంత్ర కాంట్రాక్టరని, దాని తప్పులకు తాము బాధ్యులం కామని టికెట్ షరతుల్లోనే కంపెనీ రాసేసుకుంటుంది. 2019 డిసెంబరు 9న న్యూజిలాండ్‌లోని వకారి అగ్నిపర్వత ద్వీపం బద్దలైనప్పుడు అక్కడున్న 47 మందిలో 22 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ 47 మందిలో ఎక్కువమంది ఓడ ద్వారా టూర్ బుక్ చేసుకుని వెళ్లినవాళ్లే. న్యూజిలాండ్‌లో ప్రమాద గాయాలకు ప్రభుత్వ పథకం కింద సాయం అందుతుంది. దానికి బదులుగా, గాయానికి పరిహారం కోరుతూ దావా వేసే హక్కును అక్కడి చట్టం చాలావరకు తీసేసింది. దాంతో బాధితులు వేరే దేశాల కోర్టులకు వెళ్లాల్సి వచ్చింది. ఓడ టూర్ అని ధైర్యంగా వెళ్లిన కుటుంబాలు పరాయి కోర్టుల చుట్టూ తిరగడం తలుచుకుంటే బాధేస్తుంది.

అలాగని కంపెనీ ఎప్పుడూ తప్పించుకుంటుందని కాదు. యూరోపియన్ యూనియన్ 2015 ప్యాకేజీ ట్రావెల్ చట్టం వర్తించే చోట, టూర్ కూడా ప్యాకేజీలో భాగంగా అమ్మి ఉంటే నిర్వాహకుడే బాధ్యత వహించాలి. ఓడకు, ఒడ్డుకు మధ్య జరిగే ప్రమాదాల సంగతి వేరు. ఓడ ప్రయాణికులకు సంబంధించిన 1974 ఏథెన్స్ అంతర్జాతీయ ఒప్పందం వర్తించే చోట ఓడ లోపల, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, కంపెనీ ఏర్పాటు చేసిన టెండర్ బోటు (ఓడ నుంచి ఒడ్డుకు చేర్చే చిన్న పడవ)లోనూ రవాణాదారు బాధ్యత ఉంటుంది. రేవు గట్టు మీద ఉన్నంతసేపు ఆ ఒప్పందం వర్తించదు. అక్కడి నుంచి మీ టాక్సీలో జరిగేదానికి ఆ ఊరి చట్టం, ఆ డ్రైవరు ఇన్సూరెన్సే దిక్కు.

అందుకే స్కూటర్లు అద్దెకు తీసుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోమనే చెబుతాను. ద్విచక్ర వాహనానికి సరైన లైసెన్సు లేకుండా, ఆ దేశం అడిగితే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా లేకుండా నడిపి పడితే, ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ చాలావరకు క్లెయిమ్ తిరస్కరిస్తుంది. విదేశీ ఆసుపత్రి బిల్లు మొత్తం మీ నెత్తినే పడుతుంది.

మీరు నలుగురు, టాక్సీ ఒకటే చాలు, కాబట్టి ఊరు రేవు పక్కనే ఉంటే నిశ్చింతగా సొంతంగా వెళ్లండి. చూడదలచిన చోటు గంటల దూరంలో ఉన్నా, ఓడ సముద్రంలోనే ఆగి టెండర్ బోట్లలో దించుతున్నా మాత్రం కంపెనీ టూర్ తీసుకోండి. టెండర్ బోట్లలో సాధారణంగా టూర్ వాళ్లనే ముందు దించుతారు, మీ వంతు వచ్చేసరికి సగం పూట గడిచిపోవచ్చు. 'ఓడ వేళకు చేర్చే పూచీ మాది' అనే ప్రైవేటు ఆపరేటరు దొరికితే, ఆ పూచీలో తర్వాతి రేవుకు ప్రయాణ ఖర్చు, బస కూడా ఉన్నాయా, టూర్ డబ్బు వాపసు ఇచ్చి ఊరుకుంటారా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి.

దిగేటప్పుడు గ్యాంగ్‌వే దగ్గర బోర్డు మీద 'ఆల్ అబోర్డ్' వేళ రాసి ఉంటుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఓడ కదలడానికి అరగంటో గంటో ముందుంటుంది ఆ వేళ. ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటే కాకపోవచ్చు. మీ ఫోన్ మీకు చెప్పకుండానే ఊరి సమయానికి మారిపోతుంది. రేపు ప్రకటించిన వేళ కంటే ముందే ఓడ వెళ్లిపోతే తప్పు కంపెనీది. అప్పుడు పరిహారం అడగడానికి ఆ ఫొటోయే మీ సాక్ష్యం. రోజువారీ ప్రోగ్రామ్ షీటులో పోర్ట్ ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది, దాన్నీ ఫొటో తీయండి. పాస్‌పోర్టు కాపీ, వేసుకునే మందులు, ఒక కార్డు ఒంటి మీద ఉంచుకోండి.

ఓడ తప్పితే ముందు పోర్ట్ ఏజెంటుకు, ఆ వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. రేవులో ఓడ తప్పిపోవడం మీ పాలసీలో కవరవుతుందా అన్నది ఇప్పుడే చూడండి; విమానం తప్పితే ఇచ్చే కవర్ దీనికి పనికిరాకపోవచ్చు. అమెరికా రేవుల మధ్య నడిచే ప్రయాణమైతే ఇంకో సంగతి. ఒక అమెరికా రేవులో ఎక్కి, ఓడ తప్పి మరో అమెరికా రేవులోనే ప్రయాణం ముగించేస్తే, అక్కడి 1886 నాటి చట్టం కింద విదేశీ ఓడకు జరిమానా పడవచ్చు. దాన్ని కంపెనీ మీ దగ్గరే వసూలు చేస్తుంది.

గాయమైతే ఓడ మెడికల్ సెంటర్‌లో నమోదు చేయించి, కాపీ అడిగి తీసుకోండి. గడువులు చాలా తక్కువ. అమెరికా చట్టం కింద రాసిన టికెట్లలో సాధారణంగా ఆరు నెలల్లో నోటీసు, ఏడాదిలో దావా. ఏథెన్స్ ఒప్పందం కింద రెండేళ్లు. టికెట్‌లో రాసిన కోర్టులోనే దావా వేయాలన్న షరతు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. మీ టికెట్‌లో ఏ ఊరి కోర్టు పేరుందో బయల్దేరే ముందే చూసి రాసిపెట్టుకోండి.