గీతకి ఇవతల, గీతకి అవతల: ఒక యువ రచయిత్రికి ఉత్తరం

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఇంగ్లీష్ కథ చదివాను. 1996 తుపానుని మీ అమ్మమ్మగారు చెబుతున్నట్టుగా రాయడం చాలా బాగుంది. ఆ రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లు ఇంకా మన మధ్యే తిరుగుతున్నారు. వాళ్ల మాటలు ఎవరో ఒకరు రాసిపెట్టాలి, మన ప్రాంతం తెలియనివాళ్లు కూడా చదువుకునేలా ఇంగ్లీషులోనూ రాయాలి. ఆ పని నువ్వు మొదలుపెట్టావు కాబట్టే, బాగుంది అని ఒక్కమాట చెప్పి ఊరుకోలేకపోతున్నాను. నీ పేజీల నిండా ఆల్మోస్ట్, నియర్లీ, ప్రాక్టికల్లీ, వర్చువల్లీ అనే మాటలు కనిపించాయి. ఈ ఉత్తరం వాటి గురించే.

రెండో పేజీలో 'ఆల్ ద కోకనట్ ట్రీస్ ఆల్మోస్ట్ ఫెల్' అని రాశావు. నవంబర్ 6 రాత్రి గాలికి మీ తోటలో చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయని నీ ఉద్దేశం. ఇంగ్లీష్ చదివేవాళ్లకి మాత్రం చెట్లన్నీ పడబోయాయి గానీ ఒక్కటీ పడలేదని అర్థమవుతుంది. తోట పోయిన కుటుంబం కథలో ఆ ఒక్క వాక్యం తోటని నిలబెట్టేసింది! 'ఆల్మోస్ట్ ఆల్ ద కోకనట్ ట్రీస్ ఫెల్' అను. మాటలన్నీ అవే, ఒకదాని చోటు మారిందంతే.

ఇది నీ ఒక్కదానికే వచ్చే ఇబ్బంది కాదు, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసే అందరికీ వస్తుంది. జరగబోయి ఆగిపోయింది అని చెప్పాలంటే మనం క్రియనే మార్చేస్తాం: పడబోయింది, పోబోయాడు, చచ్చినంత పనైంది. ఇక 'దాదాపు' అనే మాటని వాక్యంలో కాస్త అటూ ఇటూ పెట్టినా వినేవాళ్లు సర్దుకుంటారు. ఇంగ్లీషులో ఆల్మోస్ట్ తన వెంటనే వచ్చే మాటనే కొలుస్తుంది. అందుకని అది రాసే ముందు, తక్కువైంది ఏది అని చూసుకో. చెట్ల లెక్కలో తక్కువైతే చెట్ల ముందు పెట్టు. పడటమే పూర్తి కాకపోతే పడటం ముందు పెట్టు.

దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఈ మాటలన్నింటికీ ఎక్కడో ఒక గీత ఉండాలి. వరదల్లో మనం టీవీ ముందు కూర్చుని చూసేది అదే కదా. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదారి 17.60 దగ్గర ఉంటే మూడో హెచ్చరికని 'నియర్లీ' చేరింది. 17.80 అయితే 'బేర్లీ' దాటింది. దూరం రెండిట్లోనూ కొంచెమే, కానీ ఒకటి గీతకి ఇవతల, ఒకటి అవతల. గోదారి మధ్య లంక ఊళ్లలో ఉన్నవాళ్లకి ఆ రెండూ ఒకటి కావు.

నాలుగో పేజీలో నీళ్లు గుమ్మం దాకా రాలేదని చెప్పడానికి 'బేర్లీ రీచ్డ్' అని రాశావు. బేర్లీ అంటే వచ్చాయనే, కష్టం మీద వచ్చాయని. నీకు కావలసింది 'డిడ్ నాట్ క్వైట్ రీచ్'. ఈ 'నాట్ క్వైట్' అనే జంటని మనవాళ్లు ఎందుకో పట్టించుకోరు. నాకు చాలా ఇష్టం. కొద్దిలో ఆగిందని చెబుతుంది, ఆగిందన్న సంగతినీ దాచదు.

గీత లేనిచోట ఇవి నిలబడవు. ఆల్మోస్ట్ ఫుల్, ఆల్మోస్ట్ ఎంప్టీ, ఆల్మోస్ట్ డ్రై అనొచ్చు, నిండటానికీ ఖాళీ అవటానికీ ఆరటానికీ ఒక చివర ఉంది కాబట్టి. నువ్వు రాసిన 'ఆల్మోస్ట్ టాల్' కుదరదు. ఎక్కడికి చేరితే పొడుగు? 'ఫెయిర్లీ టాల్' అంటే సరిపోతుంది.

గీత ఎంత పదునుగా ఉండొచ్చో చూడాలంటే దాళ్వా, అంటే రెండో పంట, కోతలప్పుడు ధాన్యం కొనే చోటికి ఒకసారి వెళ్లు. తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. రోడ్డు పక్కన పరదాల మీద ఆరబోసి, పొద్దస్తమానం కాళ్లతో తిరగేసిన రైతు గుప్పెడు గింజలు తెచ్చి మిషన్లో పోయిస్తాడు. 18 అని చూపిస్తుంది. ఆ ధాన్యం 'ఆల్ బట్ డ్రై'. అంటే ఆరినట్టే, కానీ ఆరలేదు. పైన మబ్బు పట్టి ఉంటే ఆ ఒక్క శాతం ఆయనకి ఎంత టెన్షనో నువ్వు కళ్లారా చూడాలి. చూశాక ఈ మాటని ఊరికే వాడలేవు. అన్నట్టు, 'ఆల్ బట్' వెనక లెక్క వస్తే అర్థం మారిపోతుంది. 'ఆల్ బట్ టూ బ్యాగ్స్' అంటే రెండు బస్తాలు తప్ప మిగతావన్నీ.

అంకెల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నువ్వు 'నియర్లీ' అన్నావు. మన 'సుమారు' అంకెకి రెండు వైపులా చెల్లుతుంది, నియర్లీ, ఆల్మోస్ట్ కింద వైపు నుంచి మాత్రమే వస్తాయి. దాటినదానికి 'జస్ట్ ఓవర్' అను. ఎటో తెలియకపోతే 'అబౌట్' ఉంది.

ఆల్మోస్ట్, నియర్లీ చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి నడుస్తాయి. కానీ ఆల్మోస్ట్ నెవర్, ఆల్మోస్ట్ నథింగ్ అంటారు, అక్కడ నియర్లీ పెట్టరు. వెరీ నియర్లీ అంటారు, వెరీ ఆల్మోస్ట్ అనరు. నాట్ నియర్లీ అంటే దరిదాపుల్లో కూడా లేదని. హార్డ్లీలో లేదన్న అర్థం ముందే ఉంది, దాని పక్కన మళ్లీ నాట్ వద్దు. ఇవి చదవగా చదవగా చెవికి పట్టేస్తాయి.

వర్చువల్లీ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. వరదకి కాజ్‌వే మీదికి ఇంకా నీళ్లెక్కలేదు, ఎక్కేలా ఉన్నాయి. అప్పుడు లంక 'ఆల్మోస్ట్ కట్ ఆఫ్'. కాజ్‌వే మునిగింది, రోజుకి ఏదో ఒక పడవ తిరుగుతోంది, బడి లేదు, పాలు బయటికి వెళ్లవు, గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే పడవవాడి కోసం చూడాలి. అప్పుడు 'వర్చువల్లీ కట్ ఆఫ్'. పేరుకి దారి ఉంది, దారి వల్ల జరగాల్సింది జరగడం లేదు. ఈ తేడా పట్టుకుంటే ఒక్క మాటతో ఊరి పరిస్థితి చెప్పొచ్చు. ఈ రోజుల్లో వర్చువల్ అనగానే కంప్యూటర్ గుర్తొస్తోంది కాబట్టి, 'వర్చువల్లీ మెట్' లాంటి చోట్ల వాడకు, ఆన్‌లైన్‌లో కలిశారని అనుకుంటారు. ప్రాక్టికల్లీకి కూడా ఆచరణలో అనే రెండో అర్థం ఉంది. దాన్ని పాత్రల నోట్లో ఉంచు, కథ చెప్పే గొంతులోకి రానివ్వకు.

చివరి పేజీకి వస్తాను. అక్కడే నాకు బాధనిపించింది. తెల్లారాక అమ్మమ్మగారు తోటలోకి వెళ్లారు, 'షీ ఆల్మోస్ట్ క్రైడ్' అని ముగించావు. తప్పు వాక్యం కాదు, వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ ఏడ్చిందని రాయడానికి నువ్వు భయపడ్డావు, ఏడవలేదని రాయడానికీ భయపడ్డావు. మధ్యలో ఆల్మోస్ట్ పెట్టి తప్పుకున్నావు. కొత్తగా రాసేవాళ్లు ఈ మాటల్ని ఎక్కువగా వాడేది ఇందుకే. ఆల్మోస్ట్ స్మైల్డ్, ఆల్మోస్ట్ యాంగ్రీ, ఆల్మోస్ట్ సీమ్డ్. మనిషి ఏం చేసిందో తెలియనప్పుడు ఆ మాట వచ్చి ఖాళీలో కూర్చుంటుంది. ఏడుపు ఆపుకున్న మనిషి ఏదో ఒకటి చేస్తుంది. కొంగు నోట్లో కుక్కుకుంటుంది, పడిన చెట్టు మట్ట పట్టుకుని ఊరికే లాగుతుంది, పక్కనున్న పిల్లాడిని అకారణంగా కసురుతుంది. ఆవిడ ఏం చేశారో నీకు తెలియదు, నాకూ తెలియదు. ఆవిడ ఉన్నారు కదమ్మా, వెళ్లి అడుగు. ఏడ్చానంటే 'షీ క్రైడ్' అని రాయి.

కథ మొత్తం తిరగరాయనక్కర్లేదు. రెండో పేజీ, నాలుగో పేజీ, చివరి పేజీ మార్చి పంపు. అమ్మమ్మగారిని అడిగాకే చివరిది ముట్టుకో. ఆవిడ చెప్పినదాన్ని ఆవిడ మాటల్లోనే, తెలుగులోనే, వేరే కాగితం మీద రాసి జతచెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.

శుభాశీస్సులతో,
మీ మాస్టారు