పరిశోధక సహాయకుడా, పరిశోధన సహాయకుడా?

సందేహం: మా నగర కౌన్సిల్ కోసం ఉద్యోగ ప్రకటన ముసాయిదా తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. నేను ఇలా రాశాను: “నగర కౌన్సిలర్లకు ఇద్దరు పరిశోధక సహాయకులు నియమింపబడును. వారు కౌన్సిలర్లు కోరిన సమాచారమును సేకరించి సమర్పించవలెను. ఇతర పనులలో సహకరించవలెను. ఎన్నికల ప్రచారములో పాల్గొననవసరము లేదు.” ఇందులో పరిశోధక అనాలా, పరిశోధన అనాలా, పరిశోధనా అనాలా? సహాయకులు అంటే అటెండర్ ఉద్యోగం అనుకునే ప్రమాదం ఉందా? — ఒక పాఠకుడు

సమాధానం: ముందు మీరడిగిన దానికే వస్తాను. ‘పరిశోధక సహాయకుడు’ అనే సమాసాన్ని రెండు రకాలుగా విడదీయవచ్చు. పరిశోధకుడికి సహాయకుడు అన్నది ఒకటి, పరిశోధకుడూ సహాయకుడూ తానే అయినవాడు అన్నది రెండోది. విశ్వవిద్యాలయంలో మొదటి అర్థం చక్కగా సరిపోతుంది. అక్కడ పరిశోధించేది ప్రొఫెసర్, చేదోడుగా ఉండేది సహాయకుడు. కౌన్సిల్లో వ్యవహారం వేరు. కౌన్సిలర్ పరిశోధకుడు కాడు. బడ్జెట్ కేటాయింపులు పాత లెక్కలతో పోల్చడం, మరో నగరంలో అదే నిబంధన ఎలా అమలవుతోందో వెతకడం సహాయకుడి పనే. అందుకని ‘పరిశోధన సహాయకుడు’ మేలు. పైగా అపరాధ పరిశోధక నవలలు చదువుతూ పెరిగిన తరానికి ‘పరిశోధక’ అనగానే డిటెక్టివ్ గుర్తొస్తాడు, ఆ బెడదా ఉండదు.

దీర్ఘం సంగతి. రచన, భావన, ప్రార్థన సంస్కృతంలో ఆకారాంత స్త్రీలింగాలు కాబట్టి రచనా శైలి, ప్రార్థనా మందిరం అంటాం. పరిశోధన అలా కాదు, పరిశోధనం. భోజనం, పఠనం వరసలోది. భోజనాశాల అని ఎవరూ అనరు కదా. నేనైతే హ్రస్వమే రాస్తాను. పత్రికల్లో ‘పరిశోధనా’ బాగా స్థిరపడిపోయింది, రాసినవాళ్ళని తప్పుపట్టబోను. అటెండర్ భయం అక్కర్లేదు. పక్కన పరిశోధన అనే మాట ఉందిగా. ఇంకా టెన్షన్‌గా ఉంటే రీసెర్చ్ అసిస్టెంట్ అనే రాసేయండి, అందరికీ తెలుస్తుంది.

అసలు చిక్కు మీరు అడగని చోట ఉంది. “కౌన్సిలర్లకు ఇద్దరు” అంటే ఎంతమంది? అందరికీ కలిపి ఇద్దరా, ఒక్కొక్కరికి ఇద్దరా? ఇది లెక్క ఒక్కటే కాదు, ఉద్యోగ స్వరూపమే మారిపోతుంది. అమెరికాలోని సియాటిల్ నగర కౌన్సిల్లో తొమ్మిదిమంది సభ్యులు. ఎవరి కార్యాలయంలో వారికి సొంత సహాయకులు ఉంటారు. అది కాక కౌన్సిల్ మొత్తానికి ఉమ్మడిగా, ఏ పక్షానికీ చెందని విశ్లేషకుల బృందం ఒకటి ఉంది. సెంట్రల్ స్టాఫ్ అంటారు. సొంత సహాయకుడు ఒక్కరి అవసరం చూసుకుంటాడు. ఉమ్మడి విశ్లేషకుడు ఒకే తీర్మానం మీద అనుకూలుడికీ వ్యతిరేకికీ ఒకే సమాచారం ఇవ్వాలి. మీ వాక్యం ఈ రెంటిలో దేని గురించో చదివేవాడికి తెలియదు. తెలుగులో దీనికి హాయైన ప్రత్యయం ఉంది: ఏసి. “కౌన్సిలర్లకు ఇద్దరేసి” అంటే ఒక్కొక్కరికి ఇద్దరు. ఉమ్మడి అయితే “కౌన్సిలర్లందరికీ కలిపి ఇద్దరు” అనండి.

“నియమింపబడును” అన్నారు. ఎవరిచేత? కర్త కనబడదు. జీతం ఇచ్చేదెవరు, సెలవు అడగాల్సింది ఎవర్ని, తీసేసే అధికారం ఎవరిది అనే ప్రశ్నలన్నీ ఆ ‘బడు’ చాటునే దాక్కుంటాయి. కార్యదర్శి నియమిస్తే “కార్యదర్శి నియమిస్తారు” అని రాయాలి. కౌన్సిలరే ఎంచుకునే పద్ధతైతే “కౌన్సిలర్ ఎంపిక చేసుకుంటారు” అని.

“ఇతర పనులలో సహకరించవలెను” అన్నది కొట్టేయండి. ఆ నాలుగు ముక్కలతో కౌన్సిలర్ గారి పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం కూడా పరిశోధన కిందికే వస్తుంది. తప్పనిసరిగా ఏదో ఒకటి ఉండాలంటే “ఈ పనికి సంబంధించిన ఇతర పనులు” అని గీత గీయండి.

చివరి వాక్యం మరీ ప్రమాదం. ‘పాల్గొననవసరం లేదు’ అంటే ఇష్టమైతే పాల్గొనవచ్చన్నమాట. ప్రజాధనంతో జీతం తీసుకునే మనిషి ఉద్యోగ సమయంలో పార్టీ జెండా పట్టుకోవడానికి మీరే తలుపు తీసిపెట్టినట్టు. మీ ఉద్దేశం నిషేధమే అయివుంటుంది, కాబట్టి ‘కూడదు’ రావాలి. అప్పుడూ ఒక వెలితి మిగులుతుంది. ‘చేయకూడదు’ సహాయకుణ్ణి కట్టడి చేస్తుంది, పని పురమాయించే కౌన్సిలర్ని చేయదు. పాపం, ఉద్యోగం పోతుందనే భయంతో కాదనలేకపోయేది సహాయకుడు, నియమం తప్పినందుకు దొరికిపోయేదీ సహాయకుడే. మన ప్రేరణార్థక క్రియ ఇలాంటి చోటికే పనికొస్తుంది: చేయించకూడదు.

ఒక్కొక్కరికి ఇద్దరు, కార్యదర్శి నియామకం అనుకుని రాస్తే ఇలా ఉంటుంది:

“కార్యదర్శి కౌన్సిలర్లకు ఇద్దరేసి పరిశోధన సహాయకులను నియమిస్తారు. కౌన్సిలర్ అడిగిన అంశంపై సమాచారం సేకరించి, సరిచూసి, ఆధారాలతో రాసి ఇవ్వడం సహాయకుల పని. ప్రతి సమావేశానికి ముందు అజెండాలోని అంశాలపై క్లుప్తంగా నోట్ తయారుచేయాలి. ఉద్యోగ సమయంలో పార్టీ పనులు, ఎన్నికల ప్రచారం, కౌన్సిలర్ల సొంత పనులు సహాయకులు చేయకూడదు, వారిచేత ఎవరూ చేయించకూడదు.”

‘సమర్పించవలెను’ బదులు ‘ఇవ్వడం’ అన్నాను. సమర్పణ దేవుడికీ, కావ్యం అంకితం తీసుకునేవారికీ ఉంచుదాం.