చుట్టాలబ్బాయి మీ ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతుంటే

మల్కాజిగిరి,
మే నెలాఖరు

అమ్మా సుజాతా,

మీ బావగారి అబ్బాయి సూర్యాపేట నుంచి వచ్చి కూకట్‌పల్లిలో మీ దగ్గరే ఉండి ఇంటర్ చదువుతాడని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "సొంత కొడుకైతే నాలుగు తిట్టొచ్చు, వీణ్ణి ఏమంటే ఏమవుతుందో" అని నువ్వు టెన్షన్ పడుతున్నావట. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. ఈ ఇంట్లో ఉండి చదువుకున్న చుట్టాల పిల్లలూ తక్కువేం కాదు. అందుకని నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

వాడు బస్సెక్కకముందే మీ తోడికోడలితో మాట్లాడుకో. వాడేం చేస్తున్నాడు, ఫోన్ చూస్తున్నాడా, ఎన్నింటికి పడుకున్నాడు అని ఆవిడ రోజూ అడుగుతుంది. తల్లి కదా, అడుగుతుంది మరి. నువ్వు అన్నింటికీ జవాబులు చెబుతూ పోయావంటే నెల తిరిగేసరికి వాడి కంటికి హాల్లో పెట్టిన సీసీ కెమెరాలా కనిపిస్తావు. ఇక ఎంత ప్రేమగా వండిపెట్టినా నోరు విప్పడు. కాబట్టి ఆవిడతో ముందే ఒక మాట అనుకో. తిండి, ఆరోగ్యం, కాలేజీకి సరిగ్గా వెళ్తున్నాడా లేదా, ఇవి నువ్వు చెబుతావు. మిగతావి వాణ్ణే అడగమను. ఎప్పుడైనా ఏదో ఒకటి ఊరికి చెప్పక తప్పదనుకో, ముందు వాడితో అను: "ఇది అమ్మకు చెప్పాలిరా. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" ఆ తర్వాతే ఫోన్ తియ్యి. వాడి వెనకాల వాడి సంగతి మాట్లాడకపోవడం, నన్నడిగితే, మిగతా అన్నిటికంటే ముఖ్యం. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ, కిట్టీ పార్టీలోనూ కూడా. నవ్వుకోవడానికైనా సరే.

అలాగని "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని మాత్రం ఎప్పుడూ అనకు. వచ్చిన మొదటి వారంలోనే, ఏ గొడవా లేనప్పుడు, మామూలుగా చెప్పేయి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. ప్రాణాల మీదికి వచ్చేదైతే, నిన్నెవరైనా హింసిస్తుంటే మాత్రం నేను ఊరుకోను. అప్పుడు కూడా నీకు చెప్పే చేస్తాను." 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టంలోనే ఉంది. దాచిపెడితే అదీ నేరమే. మగపిల్లలకు ఇలాంటివి జరగవని మనవాళ్లకొక నమ్మకం. జరుగుతాయి.

ఇక మార్కులు. సూర్యాపేటలో వాడు స్కూల్ ఫస్ట్. ఇక్కడ మొదటి నెలలోనే వారం టెస్టు పెట్టి, ర్యాంకులు వేసి, సెక్షన్లు మార్చేస్తారు. అంతవరకూ "మా వాడు" అని ఊరంతా చెప్పుకున్న పిల్లాడు ఒక్కసారిగా వందల మందిలో ఎక్కడో ఉంటాడు. పిల్లాడు బట్టలు మార్చుకునేలోపే ఆ మార్కులు మెసేజ్‌గా సూర్యాపేటలో తండ్రి ఫోన్‌కు వెళ్లిపోతాయి. అందరూ వాణ్ణి అడగబోయేది ఆ ఒక్కటే అన్నమాట. నువ్వు కూడా గుమ్మంలోనే "ఎన్నొచ్చాయి" అనకు. అన్నం తిననివ్వు. వాడంతట వాడే ఎత్తితే, "ఏ చాప్టర్ అర్థం కాలేదు" అని అడుగు. దానికైతే జవాబుంటుంది. "ఎందుకు తగ్గాయి" అన్నదానికి ఏ పిల్లాడి దగ్గరా జవాబుండదు, నేనెన్నేళ్లు అడిగినా రాలేదు.

ఈ వయసు పిల్లలు పెద్ద విషయాన్ని నేరుగా చెప్పరు. ముందు చిన్నదొకటి వదిలి చూస్తారు. ఒక టెస్టు ఎగ్గొట్టానని, ఫ్రెండ్ దగ్గర ఐదొందలు అప్పు చేశానని, తమది కాకుండా "మా క్లాసులో ఒకడు" అని. అప్పుడు నీ మొహంలో ఏం మారిందో చూస్తారు. నువ్వు ఎగిరిపడ్డావంటే రెండోది రాదు. రేపు ఏ బెట్టింగ్ యాప్‌లోనో డబ్బు పోగొట్టుకున్నా, ఎవరైనా ఫొటోలు పెట్టి బెదిరిస్తున్నా, వాడు నీ దగ్గరికి రావాలా వద్దా అన్నది ఆ ఐదొందల రోజునే తేలిపోతుంది. కోపం రాకూడదని కాదు. "నాకు కోపంగానే ఉంది, కానీ చెప్పడం మంచిదైంది, ఏం చేద్దామో రేపు కూర్చుని చూద్దాం" అను. మాట జారితే, జారిందని మర్నాడు ఒప్పుకో. పెద్దరికం ఎక్కడికీ పోదు.

సోఫాలో ఎదురుగా కూర్చోబెట్టి "ఏం నాన్నా, ఏమైనా ప్రాబ్లమా" అంటే "ఏం లేదు చిన్నమ్మా" అంటాడు. పక్కపక్కన ఉన్నప్పుడు మాటలొస్తాయి. ఆదివారం రైతు బజార్‌కు సంచి పట్టుకుని రమ్మను. మీ ఆయన బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్లమను. చిక్కుడుకాయలు ఈనెలు తీయిస్తూ ఊరికే ఉండు. నువ్వు నింపకపోతే ఆ ఖాళీలో వాడే మాట్లాడతాడు. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్తానని మాటిస్తే నాంపల్లికి తీసుకెళ్లి తీరాలి. మొదటి ఏడాదే కాబట్టి ఆ నెలలో జేఈఈ గొడవ కూడా లేదు.

ఎనిమిదింటిదాకా లేవకపోతే బద్ధకం అనుకోకు. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది, వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పొద్దున్నే వచ్చే కాలేజీ బస్సుకు ఆ సంగతి తెలియదు. అది మన చేతిలో లేదు కానీ, సెలవునాడు దుప్పటి లాగకపోవడం మన చేతిలోనే ఉంది. ఫోన్ దొంగచాటుగా చూడకు. రాత్రి పదకొండు తర్వాత ఫోన్లన్నీ హాల్లో పెట్టాలంటే మీ ఇద్దరివీ పెట్టండి. మెట్రో స్టేషన్ దగ్గర ఎవరో అమ్మాయితో కనిపించాడని పక్కింటావిడ చెబితే, "క్లాస్‌మేట్ అయ్యుంటుందండీ" అని తలుపేసుకో.

మన హైదరాబాద్ ఇళ్లలో ఒక పాడు అలవాటుంది. ఎవరు కాస్త దిగులుగా ఉన్నా "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని అక్కడి మానసిక ఆసుపత్రి పేరు మీద జోక్ చేస్తారు. మీ ఇంట్లో అది వద్దు. ఆ జోకు విన్న పిల్లాడు తనకు నిజంగా డాక్టరు కావాలనిపించినా అడగడు.

వారాల తరబడి సరిగ్గా తినకపోవడం, నిద్రపోకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాటలు, ఇవి కనిపిస్తే సూటిగా అడుగు: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లల కోసం 1098 ఉంది. ఆ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించు, అందరికీ అన్నట్టుగా. వాడి పేరు చెప్పి అంటించకు.

ఇన్ని చేసినా వాడు నీకే చెప్పుకుంటాడని లేదు. మీ ఆయనకు చెప్పొచ్చు, పీఈటీ సారుకు చెప్పొచ్చు, పై అంతస్తులో క్యారమ్స్ ఆడే రిటైర్డ్ అంకుల్‌కు చెప్పొచ్చు. నువ్వు చిన్నబుచ్చుకోకు. పిల్లాడికి నమ్మదగ్గ పెద్దవాళ్లు ఎందరుంటే అంత మేలు. ఆ మనిషి ఎలాంటివాడో మాత్రం మీ ఇద్దరూ ఒకసారి చూసి రండి.

లష్కర్ బోనాలకు వాణ్ణి తీసుకుని మా ఇంటికి రండి. ఫిజిక్స్ పుస్తకం తెచ్చుకోమను, కావాలంటే చెబుతాను. మార్కుల సంగతి నేనైతే అడగను. మీ మామయ్య అడుగుతాడేమో, ఆయన్ని నేను చూసుకుంటాను.

మీ మేనత్త