టెక్సాస్‌లో జింకల వేటకు 60 ఎకరాలు: కొనాలా, లీజుతో సరిపెట్టుకోవాలా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాము. నాది హెచ్-1బి వీసా, నా భార్య హెచ్-4 ఈఏడీ (జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తోంది. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాము. కొన్నేళ్లుగా ఆఫీసు మిత్రులతో కలిసి జింకల వేటకు వెళ్తున్నాను, వేటాడే హక్కు కోసం తీసుకున్న లీజులో నా వాటాగా ఏటా 2,000 డాలర్లు కడుతున్నాను. ఇప్పుడు లియాన్ కౌంటీలో ఒక పెద్ద రాంచ్ నుంచి విడగొట్టిన 60 ఎకరాలు ఎకరం 8,000 డాలర్లకు వస్తోంది. ఫుడ్ ప్లాట్లు (జింకల కోసం వేసే మేత మడులు) వేసి వేట లీజుకు ఇస్తే ఎకరాకు ఏటా 15 డాలర్లు వస్తాయని, పన్ను కూడా దాదాపు ఉండదని ఏజెంటు అంటున్నాడు. 20 శాతం ముందు కట్టి, మిగిలినది 7.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకోవాలి. ఆ 20 శాతం కోసం, 2019లో నాన్నగారు పోయాక నాకు వచ్చిన కరీంనగర్ జిల్లాలోని నాలుగెకరాలు అమ్ముదామనుకుంటున్నాను. రిటైర్మెంటు ఖాతాలు కాక మా దగ్గర 1,10,000 డాలర్ల పొదుపు ఉంది. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు కోరికలు కలిసిపోయి ఉన్నాయి. నవంబరు మొదటి శనివారం సీజను మొదలయ్యే తెల్లవారుజామున సొంత నేలలో, సొంత మంచె మీద కూర్చోవాలన్నది ఒకటి. ఆ నేల తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్నది రెండవది. మొదటిది సబబైన కోరికే, దాని ధర ఎంతో తెలుసుకుని భరించగలరో లేదో చూసుకోవచ్చు. రెండవది మాత్రం మీరు రాసిన అంకెలతో జరిగే పని కాదు.

భూమి ధర 4,80,000 డాలర్లు, అందులో అప్పు 3,84,000. నెలసరి కిస్తీ సుమారు 3,090 డాలర్లు, అంటే ఏడాదికి 37,000 పైమాట. మొదటి ఏడాది అందులో దాదాపు 28,500 వడ్డీకే పోతుంది. ఏజెంటు చెప్పిన లీజు సొమ్ము మొత్తం కలిపితే 900 డాలర్లు. అది మొదటి ఏడాది వడ్డీలో పన్నెండు రోజులకు కూడా చాలదు. పైగా 60 ఎకరాల్లో ఒకరి తూటా దారిలో మరొకరు పడకుండా కూర్చోగలిగేది ఇద్దరో ముగ్గురో మాత్రమే కనుక, లీజుకు ఇచ్చారంటే ఆ సీజనులో మీరే అతిథి అవుతారు. కిస్తీలో కొంత అసలు కిందికి పోతుందని, భూమి ధర పెరగవచ్చని మీరు అనవచ్చు, నిజమే. కానీ పెరుగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, అమ్మడానికి నెలలు పడుతుంది, ఈ లోపల మీరు ఇప్పుడు కడుతున్న వాటాకు పద్దెనిమిదేళ్లకు సరిపోయే డబ్బు ఒక్క ఏడాది కిస్తీల్లోనే వెళ్లిపోతుంది.

ఈ భూమిలో నిజంగా డబ్బు మిగిల్చేది వేట లీజు కాదు, పన్ను కోసం కట్టే విలువ. అందరూ అగ్ ఎగ్జెంప్షన్ అని పిలిచే ఏర్పాటు కింద టెక్సాస్‌లో వ్యవసాయ భూమికి మార్కెట్ ధర మీద కాక, ఆ నేల పంటగానో పశువుల మేతగానో ఇవ్వగల రాబడి మీద విలువ కడతారు. ఉదాహరణకు మొత్తం పన్ను రేటు 1.6 శాతం అనుకుంటే, మార్కెట్ విలువ మీద మీరు ఏటా 7,680 డాలర్లు కట్టాలి; ఎకరాకు 150 డాలర్ల ఉత్పాదక విలువ కడితే 144 డాలర్లతో సరిపోతుంది. ఈ తేడా లీజు సొమ్ముకు ఎనిమిది రెట్లు. అందుచేత ఆ విలువ కట్టింపు చేజారకుండా చూసుకోవడమే యజమానిగా మీ మొదటి పని అవుతుంది, ఏజెంటు చెప్పని చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి.

పాత యజమానికి ఉన్న ఆ సదుపాయం అమ్మకంతో పాటు దానంతట అది మీ పేరుకు మారదు. కొన్న తరువాతి ఏడాది ఏప్రిల్ 30 లోగా, ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు మీరు కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, వెనుకటి ఏడేళ్లలో కనీసం ఐదేళ్లు ఆ నేలలో వ్యవసాయం జరిగినట్టు చరిత్ర ఉండాలి. ఇక వేటకు లీజుకిచ్చినంత మాత్రాన అది వ్యవసాయం కింద లెక్క కాదు. మీరు వినే వైల్డ్‌లైఫ్ వాల్యుయేషన్ అనేది 1995లో టెక్సాస్ ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించాక వచ్చిన వేరే దారి: అప్పటికే వ్యవసాయ విలువ కట్టింపులో ఉన్న భూమిని స్థానిక వన్యప్రాణుల పోషణకు మార్చుకోవచ్చు, కానీ అందుకు ప్రణాళిక రాసి ఇచ్చి, ఏడు రకాల పనులలో ఏటా మూడైనా చేసి చూపించాలి. ఆవాసాన్ని బాగుచేయడం, నేల కోతను ఆపడం, వేటాడే జంతువులను అదుపులో ఉంచడం, నీరు, మేత, ఆశ్రయం అదనంగా కల్పించడం, జంతువుల లెక్క తీయడం ఆ ఏడు. ఫుడ్ ప్లాటు వీటిలో ఒక్కదాని కిందికే వస్తుంది. దీనివల్ల పన్ను ఇంకా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు; తగ్గదు, వ్యవసాయం కింద ఎంతో ఇక్కడా అంతే.

మీ విషయంలో జాగ్రత్త పడవలసిన మాట ‘విడగొట్టిన’ అని మీరే రాసినది. క్రితం ఏడాది కంటే విస్తీర్ణం తగ్గిన భూమిని వన్యప్రాణుల కిందికి మార్చాలంటే, ఆ ప్రాంతానికి నిర్ణయించిన కనీస విస్తీర్ణం షరతు వర్తిస్తుంది. కాబట్టి మొదట్లో పక్క రాంచ్ వారి ఆవులనే మేపుకోనిచ్చి పాత వాడకాన్ని కొనసాగించడం, ఆ తరువాతే టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ జీవశాస్త్రజ్ఞుణ్ణి ఉచితంగా పిలిపించి ప్రణాళిక గురించి ఆలోచించడం మంచిది. ఆవులు మేస్తున్నన్నాళ్లూ మీ ఫుడ్ ప్లాటుకు కంచె తప్పదు, ఆ ఖర్చు కూడా రాసుకోండి. ఎప్పుడైనా నేలను వ్యవసాయేతర వాడకానికి మార్చారంటే వెనుకటి మూడేళ్ల పన్ను తేడా ఒకేసారి కట్టాలి. పై లెక్కలో అది సుమారు 22,600 డాలర్లు.

ఫుడ్ ప్లాట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉత్సాహం కొద్దీ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. లియాన్ కౌంటీ వైపు నేలలు ఎక్కువగా ఇసుకపాలు ఉన్నవి, ఆమ్ల గుణం కలవి. టెక్సాస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ వారి ప్రయోగశాలలో మట్టి పరీక్ష చేయించి, వారు చెప్పినంత సున్నం వేయకుండా క్లోవర్ అనే మేత మొక్క ఖరీదైన విత్తనం చల్లితే విత్తనం డబ్బులు మట్టిపాలే. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఓట్స్, గోధుమ, క్లోవర్ వేస్తారు. వేసవి మేతకు వేసేవి మీకు చిన్నప్పటి నుంచి తెలిసిన అలసందలు, లాబ్‌లాబ్ అని ఇక్కడ అమ్మే మన అనుములు. ఊళ్లో కోతుల నుంచి, అడవిపందుల నుంచి పంటను కాపాడుకోలేక రైతులు తలపట్టుకుంటుంటే ఇక్కడ డబ్బు పెట్టి అవే గింజలు జింకల కోసం చల్లడం విడ్డూరంగా తోచవచ్చు. అడవిపందుల బెడద మాత్రం ఇక్కడా అంతే ఉంది. అర ఎకరంలో అలసందలు వేస్తే మొక్క నాలుగాకులు వేయకముందే జింకలు నేలమట్టం చేస్తాయి. మడి మధ్యలో నాలుగడుగుల వెడల్పున తీగ వలను గుండ్రంగా చుట్టి పాతిపెట్టండి: వల లోపల మోకాటి ఎత్తు పెరిగి, బయట మొదళ్లు మాత్రమే మిగిలితే మడి చాలలేదని అర్థం, లోపలా బయటా ఒకేలా ఉంటే మీ జింకలకు ఆ మేతతో పనిలేదని, ఆ డబ్బు మరో చోట పెట్టవచ్చని అర్థం.

అసలు తెల్లతోక జింక గడ్డి మీద బతికే జంతువు కాదు. చిగుళ్లు, వెడల్పాకుల కలుపు మొక్కలు దాని ప్రధాన ఆహారం. చలికాలంలో ట్రాక్టరుతో పలుచగా డిస్క్ నాగలి వేయించి, మొలిచే స్థానిక మొక్కలను పెరగనివ్వడం ఫుడ్ ప్లాటు కంటే ఎంతో చవక, వాన మొహం చాటేసిన ఏడాది కూడా ఎంతో కొంత మేత మిగులుతుంది. ట్రాక్టరు కొనకండి. రెండెకరాల మడికి స్థానిక రైతుకు గంటల చొప్పున కూలి ఇచ్చి దున్నించుకోవడం నయం. ఇంకొక సంగతి, మగ జింక తిరిగే పరిధి సుమారు చదరపు మైలు, అంటే 640 ఎకరాల దాకా ఉంటుంది. మీ 60 ఎకరాలు అందులో పదోవంతు కూడా కావు కనుక, మీరు మేపి పెంచిన జింక కంచె అవతల పొరుగువారి తుపాకీకి దొరకడానికే అవకాశం ఎక్కువ. చుట్టుపక్కల వారు కలిసి చిన్న జింకలను వదిలేద్దామని ఒప్పందం చేసుకున్న వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆ ప్రాంతంలో ఉందో లేదో అడగండి. ఫుడ్ ప్లాటుకు పెట్టే ప్రతి డాలరు కంటే ఆ సమాధానం విలువైనది.

మీ భార్య పేరిట ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి ఖర్చులన్నీ జీతాల పన్నులో తగ్గించుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. లాభం కోసం నడుపుతున్నట్టు నిలబడని వ్యాపకాన్ని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ హాబీగా చూస్తుంది. ఐదేళ్లలో మూడేళ్లు లాభం చూపితే ఆ అనుమానం మీ పక్షాన తీరుతుంది గానీ, 900 డాలర్ల రాబడితో మీరు ఆ దరిదాపుల్లోకి కూడా రారు. భూమి మీద తరుగుదల అసలే రాదు. లీజుకు ఇస్తే మటుకు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నుంచి హంటింగ్ లీజ్ లైసెన్సు తీసుకుని, వేటగాళ్ల బాధ్యతా బీమాలో మీ పేరు చేర్పించండి. వసూలు చేసే సొమ్ము క్రితం ఏడాది ఆ భూమి మీద పడిన ఆస్తి పన్నుకు ఇరవై రెట్లు దాటకపోతే, వేటగాళ్లకు గాయమైతే యజమాని మీద పడే బాధ్యతను తగ్గించే చట్టం టెక్సాస్‌లో ఉంది, మీ అంకెలు ఆ హద్దులోనే ఉన్నాయి. అయినా బీమా వదులుకోవద్దు.

వీసా సంగతి. హెచ్-1బి మీద భూమి కొనడానికి, ఊరికే కౌలుకు ఇచ్చి సొమ్ము తీసుకోవడానికి సాధారణంగా అడ్డు లేదు. వేటగాళ్లను వెంటబెట్టుకుని తిప్పి రుసుము తీసుకుంటే అది పని చేసినట్టే, దాని జోలికి పోకండి. వలసేతర వీసాదారుల చేతిలో తుపాకీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. కాబట్టి ఆ లైసెన్సు గడువు ఒక్క రోజు కూడా దాటనివ్వకండి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. మీ ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి చట్టం ఇచ్చేది గరిష్ఠంగా 60 రోజులు, 60 ఎకరాలు అంత త్వరగా అమ్ముడుపోవు. అప్పుడు నెలకు 3,090 డాలర్ల కిస్తీ మీ 1,10,000 పొదుపును ఇంటి ఖర్చులతో పోటీపడి తింటుంది.

కరీంనగర్ భూమిని మాత్రం ఇందుకోసం అమ్మవద్దు. ఎన్నారైలు భారతదేశంలో వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు గానీ కొనుక్కునే వీలు లేదు. ఒకసారి అమ్మాక మనసు మారినా, ఎన్నారైగా ఉన్నన్నాళ్లూ మళ్లీ నాలుగెకరాలు మీ పేరిట కొనలేరు. పన్ను లెక్క కూడా మీరు అనుకున్నంత తేలిక కాదు. మునిసిపాలిటీకి నిర్ణీత దూరానికి అవతల ఉన్న గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకం మీద భారత్‌లో మూలధన లాభం పన్ను పడదు, కానీ అమెరికాలో పన్ను కట్టే నివాసిగా మీకు ప్రపంచంలో ఎక్కడి లాభమైనా ఇక్కడ లెక్కలోకి వస్తుంది, అక్కడ పన్ను కట్టలేదు కనుక ఇక్కడ తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. వారసత్వపు ఆస్తికి నాన్నగారు పోయిన నాటి మార్కెట్ విలువే మీ కొనుగోలు ధరగా చెల్లుతుంది. 2019 నాటి ప్రభుత్వ విలువ మార్కెట్ ధర కంటే బాగా తక్కువ కాబట్టి, ఆ తేదీకి రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత నివేదిక తీసుకుని దాచుకోండి. అమ్మినా అమ్మకపోయినా అది పనికివస్తుంది. తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో మీ పేరు ఎక్కిందో లేదో కూడా ఈ సెలవులకు వెళ్లినప్పుడు చూసుకోండి.

నా మాటగా చెప్పాలంటే, గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా లీజు వాటాతోనే కొనసాగండి, వీలైతే ఫుడ్ ప్లాట్లు వేసుకోనిచ్చే లీజుకు మారండి. దున్నకం, విత్తనం, వాన, పందులు ఇవన్నీ ఎంత ఖర్చు పెట్టిస్తాయో వేరొకరి నేల మీద తెలుసుకోవచ్చు. అయినా కొని తీరాలనుకుంటే, కిస్తీ మీ ఇద్దరిలో ఒక్కరి జీతంతోనే కట్టగలిగేంత చిన్న భూమి చూడండి, కనీసం ఒక ఏడాది ఇంటి ఖర్చును ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఒప్పందంలో ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండానే తప్పుకోగల గడువు) రాయించుకుని ఆ రోజుల్లోనే మూడు కాగితాలు తెప్పించండి: వ్యవసాయ విలువ కట్టింపు చరిత్ర మీద అప్రైజల్ డిస్ట్రిక్ట్ రికార్డు, రోడ్డు నుంచి భూమిలోకి చట్టబద్ధమైన దారి ఉన్నట్టు సర్వే, భూగర్భ ఖనిజ హక్కులు ఎవరివో చూపే టైటిల్ పత్రం. ఖనిజ హక్కులు వేరొకరివైతే సీజను మధ్యలో మీ మంచె పక్కనే డ్రిల్లింగ్ లారీలు తిరిగినా మీరు ఆపలేకపోవచ్చు. వీటిలో ఏది తేడాగా ఉన్నా ఆప్షన్ గడువు ముగిసేలోపు తప్పుకోండి, పోయేది ఆప్షన్ రుసుము, సర్వే, టైటిల్ ఖర్చులు మాత్రమే.