రిపోర్టులో 14 పాజిటివ్‌లు.. అన్నీ మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. అప్పుడప్పుడూ ఒంటిమీద దద్దుర్లు లేస్తుంటే రక్తపరీక్ష చేయించాం. పాలు, గుడ్డు, వేరుశనగ, రొయ్యలు సహా 14 పదార్థాలు పాజిటివ్ వచ్చాయి. అంతకుముందు పాలు, గుడ్డు రోజూ తీసుకునేవాడు. అన్నీ మాన్పించి నాలుగు నెలలైంది. దద్దుర్లు తగ్గలేదు కానీ, పిల్లాడు రెండు కిలోలు తగ్గాడు. ఈమధ్య చేప తిన్న కాసేపటికే నాకూ మొహం ఎర్రబడి మంటపుట్టింది. నేనూ ఆ పరీక్ష చేయించుకోవాలా?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: అన్నింటికీ కలిపి చేసే ఆ పరీక్ష వద్దమ్మా. ముందు బాబు సంగతి చూద్దాం. రోజూ తిన్నా ఏమీ కాలేదంటే, కాగితం మీద ఏం రాసి ఉన్నా అప్పటికి పాలూ గుడ్డూ వాడికి పడుతున్నట్టే. ఆ పరీక్ష రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఉన్నంత మాత్రాన అలర్జీ కాదు.

వేడి, తేమ ఎక్కువుండే ఉష్ణమండల ప్రాంతాల్లో ఈ తికమక మరీ ఎక్కువ. పరుపుల్లో చేరే, కంటికి కనిపించనంత చిన్న పురుగులైన డస్ట్ మైట్స్‌లోనూ, బొద్దింకల్లోనూ ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్, రొయ్యల్లోని ప్రొటీన్‌ను దాదాపు పోలి ఉంటుంది. అందుకే దుమ్ము పడని పిల్లాడికి, రొయ్యలు హాయిగా తింటున్నా రిపోర్టులో పాజిటివ్ రావచ్చు. కడుపులో నులిపురుగులున్నా మొత్తం ఐజీఈ పెరిగిపోతుంది.

ఇలాంటి రిపోర్టు వస్తే నేను దాన్ని బోర్లించి పక్కన పెట్టి, తల్లిని అడుగుతాను: ఏం తిన్నాడు? ఎన్ని నిమిషాలకు మొదలైంది? మళ్లీ తింటే మళ్లీ వచ్చిందా? ఐజీఈ అలర్జీ చాలావరకు తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపే బయటపడుతుంది. తిండితో నిమిత్తం లేకుండా వారాల తరబడి వచ్చిపోయే దద్దుర్లకు తిండి కారణం కావడం అరుదు. మీరన్నీ మాన్పించినా తగ్గలేదుగా!

అనుమానం ఒకటి రెండు పదార్థాల మీదికి వచ్చాకే స్కిన్ ప్రిక్ టెస్ట్. ముంజేతిపై అనుమానమున్న పదార్థం చుక్క వేసి సూదితో తాకించి, 15 నిమిషాలకు లేచిన దద్దురును కొలుస్తాం. అంతకు వారం ముందే సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపాలి. అప్పటికీ తేలకపోతే, ఆసుపత్రిలో కొద్దికొద్దిగా తినిపించి చూసే ఫుడ్ ఛాలెంజ్‌దే తుదిమాట. బాబుకు ఆపినవి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. కాకపోతే ఇన్నాళ్లు మానేసినవి ఒక్కోసారి గట్టిగా వికటిస్తాయి. ఇంట్లో మీ అంతట మీరు పెట్టకుండా అలర్జీ నిపుణులకు చూపించండి.

ఇక మీ చేప. ఆ పూట అదే చేప తిన్న ఇంకెవరికైనా ఇలా అయిందా? అయితే అది అలర్జీ కాకపోవచ్చు. సరిగ్గా చల్లగా నిల్వ చేయని చేపలో, ముఖ్యంగా ట్యూనా లాంటివాటిలో, అలర్జీ లాంటి లక్షణాలే తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం తయారవుతుంది. ఎంత ఉడికించినా పోదు. మీ ఒక్కరికే వచ్చి ఉంటే మాత్రం ఆ చేప వరకు పరీక్ష అవసరమే. చేప, రొయ్యల అలర్జీ పెద్దయ్యాకా మొదలవుతుంది. తేలేదాకా చేప ముట్టకండి. ఎప్పుడైనా ఆయాసం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం మొదలైతే తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి. మాత్ర వేసి చూద్దామని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.