షెరీఫ్ వదిలేసినా వీసా వదలదు

షికాగో దగ్గరి నేపర్‌విల్‌కి వచ్చి ఎనిమిది నెలలైన ఒక తమ్ముడి ప్రశ్న ఇది. "హెచ్1బీ మీద ఉన్నాను. ఆఫీసులో నా పక్క సీటాయన శనివారం తుపాకీ కాల్చే షూటింగ్ రేంజ్‌కి రమ్మంటున్నాడు. కొత్త తుపాకుల చట్టం వచ్చింది కదా అంటే, 'దాన్ని ఎవరూ లెక్కచేయరు, షెరీఫే అమలు చేయనన్నాడు' అంటున్నాడు. వెళ్ళొచ్చా? ఇంట్లో బంగారం ఉందని మా ఆవిడకి టెన్షన్. గ్రీన్ కార్డు వచ్చాక తుపాకీ కొనుక్కుంటే తప్పా?"

తమ్ముడూ, శనివారం వెళ్ళకండి. ముందు ఈ మాట గట్టిగా చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను.

మీ పక్క సీటాయన అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పింది మనముండే ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం సంగతి. షెరీఫ్ అంటే కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, పెద్ద పోలీసు అధికారి. 2022 జులై 4న షికాగోకి ఉత్తరాన హైలాండ్ పార్క్‌లో పరేడ్ మీద ఒక కుర్రాడు మేడ పైనుంచి కాల్పులు జరిపితే ఏడుగురు పోయారు. ఆ కుర్రాడు తుపాకీ కొన్నది దొంగచాటుగా కాదు. వయసు చాలకపోతే తండ్రి సంతకం పెట్టి ఫాయిడ్ కార్డు ఇప్పించాడు. ఇల్లినాయ్‌లో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవాలంటే స్టేట్ పోలీసులు ఇచ్చే ఆ కార్డు ఉండాలి. ఆ ఘోరం తర్వాత 2023 జనవరి 10న గవర్నర్ ప్రిట్జ్‌కర్ కొత్త చట్టం మీద సంతకం చేశారు. మిలిటరీ తుపాకుల్లా కనిపించే ఏఆర్-15 లాంటి రైఫిళ్ళ అమ్మకం ఆగిపోయింది. రైఫిల్ మ్యాగజైన్‌లో (తూటాలు నింపే డబ్బా) 10 తూటాలు, చేతి తుపాకీలో 15 మించకూడదన్నారు. అప్పటికే అలాంటి రైఫిళ్ళు ఉన్నవాళ్ళు 2024 జనవరి 1లోగా స్టేట్ పోలీసుల దగ్గర అఫిడవిట్ ఇచ్చి నమోదు చేసుకుంటే ఉంచుకోవచ్చన్నారు.

గొడవంతా ఆ నమోదు దగ్గరే వచ్చింది. 2023 డిసెంబర్ ఆఖరి వారంలో మా పక్కింటి పెద్దాయనకి అరిసెలు ఇద్దామని వెళ్ళాను. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. రైఫిల్ సీరియల్ నంబర్ రాసుకున్న చిన్న కాగితం ఎగిరిపోకుండా ఉప్పు సీసా కింద పెట్టాడు. ఒక్కో అంకె కొట్టడం, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం, మళ్ళీ చూసుకోవడం. "ఇరవై ఏళ్ళుగా నా దగ్గరుంది. ఒక్క ట్రాఫిక్ టికెట్ కూడా లేనివాణ్ణి. జనవరి రెండో తేదీకి నేను నేరస్థుణ్ణి అయిపోతానా?" అన్నాడు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది. చివరికి నమోదు చేశాడు. దక్షిణ ఇల్లినాయ్‌లో ఉండే ఆయన కొడుకు మాత్రం చేయనన్నాడు. ఆ క్రిస్మస్‌కి తండ్రీకొడుకులు సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఆ పెద్దాయన బాధ నాకు వెంటనే అర్థం కాలేదు. మా తాతగారికి అడవి పందుల బెడదకి డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే దాన్ని గుడ్డలో చుట్టి స్టేషన్‌లో అప్పజెప్పి, రసీదు తెచ్చుకునేవారు. ఎన్నికలయ్యాక వెళ్ళి తెచ్చుకునేవారు. అందులో ఆయనకి అవమానం ఏమీ కనిపించలేదు. సర్కారు ఇచ్చిన లైసెన్సు, సర్కారు అడిగితే ఇవ్వాలి, అంతే. ఇక్కడివాళ్ళ లెక్క వేరు. తుపాకీ ఒకరు దయతలచి ఇచ్చింది కాదు, రాజ్యాంగం రెండో సవరణ ప్రకారం తమ హక్కు అనుకుంటారు. రేషన్ కార్డు దగ్గర్నుంచి ఆధార్ దాకా పేరు రాయించుకోవడం మనకి అలవాటు. వాళ్ళకి మాత్రం తుపాకుల జాబితా ప్రభుత్వం చేతికి వెళ్ళిందంటే, రేపు ఎవరో ఆ జాబితా పట్టుకుని గుమ్మంలోకి వస్తారన్న భయం. పోలీసులకి, రిటైరైన పోలీసులకి, సెక్యూరిటీ గార్డులకి మినహాయింపు ఇచ్చి మాకెందుకు ఇవ్వలేదన్నది ఇంకో ఫిర్యాదు. ఆ ఫిర్యాదు రాష్ట్ర సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2023 ఆగస్టులో 4-3 తేడాతో చట్టం నిలిచింది.

నమోదు గడువు ముగిసేనాటికి రాష్ట్రంలో ఫాయిడ్ కార్డున్నవాళ్ళు సుమారు 24 లక్షలు. నమోదు చేసుకున్నవాళ్ళు 30 వేల లోపే. అందరి దగ్గరా ఆ రకం రైఫిల్ ఉండదు నిజమే, అయినా చాలామంది కావాలనే మానేశారు. చాలా కౌంటీల షెరీఫ్‌లు, మన డ్యుపేజ్ కౌంటీ షెరీఫ్‌తో సహా, ఇళ్ళకి వెళ్ళి తనిఖీ చేయబోమని చెప్పేశారు. 2024 నవంబర్‌లో దక్షిణ ఇల్లినాయ్ ఫెడరల్ జడ్జి మెగ్లిన్ చట్టం చెల్లదని తీర్పిస్తే, పై కోర్టు ఆ తీర్పుని ఆపి ఉంచింది. తుపాకీ ఉన్నవాళ్ళందరిదీ ఒకటే మాట కూడా కాదు. మా ఆఫీసులో ఒకావిడ వారం వారం రేంజ్‌కి వెళ్తుంది, ఈ చట్టం రావాల్సిందేనంటుంది.

వాళ్ళు ఎటువైపు ఉన్నా పోరాటం సిటిజన్‌గా చేస్తున్నారు. మీకు వర్తించేది వేరే చట్టం. 1998 నుంచి ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టంలో నాన్ ఇమిగ్రెంట్, అంటే తాత్కాలిక, వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఉంది. ఎఫ్1, హెచ్1బీ, హెచ్4, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, అందరూ ఇందులోకే వస్తారు. సొంతం కానక్కర్లేదు. స్నేహితుడి తుపాకీ రేంజ్‌లో పది నిమిషాలు చేత్తో పట్టుకున్నా మీ దగ్గర ఉన్నట్టే లెక్క. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు. ఆ పైన డిపోర్టేషన్. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. "ఆన్‌లైన్‌లో వేట లైసెన్సు తీసుకుంటే చాలు" అని మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా దాని గురించే. దాని మీద రాష్ట్ర నిబంధనలు కూడా ఉంటాయి. లాయర్‌ని అడగకుండా ఆ సలహా నమ్మకండి.

రేంజ్‌లో కాలిస్తే ఎవరు పట్టించుకుంటారు అనకండి. యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడా వచ్చిన ఒక కుర్రాడు చదువు దెబ్బతిని యూనివర్సిటీ తీసేశాక కూడా ఉండిపోయి, రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. 18 నెలల శిక్ష పడింది. అదే రెహైఫ్ కేసు. 2019లో సుప్రీం కోర్టు, తనది చట్టబద్ధమైన స్టేటస్ కాదని అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలంది. మీకు ఆ దారి లేదు. మీ స్టేటస్ ఏమిటో మీ పాస్‌పోర్టులోనే ఉంది.

చాలా రేంజ్‌లు లోపలికి వెళ్ళేముందు ఒక ఫారం ఇస్తాయి. అందులో వీసా గురించి గడి ఉంటే, తోచింది టిక్ పెట్టి సంతకం చేస్తే అబద్ధం కూడా మీ చేతిరాతలో దొరుకుతుంది. ఫోటోల సంగతి సరేసరి. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ, హెచ్4 వీసాలకి వెళ్ళేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేలా పెట్టాలి. రైఫిల్ పట్టుకుని నవ్వుతున్న ఫోటో హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎవరి కంట పడాలి?

మీ పక్క సీటాయనకి "నా వీసా మీద కుదరదు, ఫెడరల్ చట్టం" అని చెప్పండి చాలు. పద్ధతిగా తుపాకీ ఉంచుకునేవాళ్ళు ఈ మాటకి నొచ్చుకోరు. మా పక్కింటాయన నాకు గ్రీన్ కార్డు వచ్చేదాకా తన గన్ సేఫ్ ఉన్న గదిలోకి కూడా నన్ను రానివ్వలేదు. దానికి ఆయనంటే నాకు గౌరవం.

గ్రీన్ కార్డు వచ్చాక కొనుక్కోవడం తప్పు కాదు. ఫాయిడ్ కార్డు, 72 గంటల నిరీక్షణ ఉంటాయి. వెంట పెట్టుకుని తిరగాలంటే 16 గంటల శిక్షణ, వేరే లైసెన్సు. కానీ బంగారం కోసమైతే నేను వద్దంటాను. దొంగలు వచ్చేది మీరు అరోరా బాలాజీ గుడికో పుట్టినరోజు పార్టీకో వెళ్ళినప్పుడు. అప్పుడు సొరుగులోని తుపాకీ కూడా నగలతోపాటే పోతుంది. నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టండి. బ్యాంకు డిపాజిట్లకి ఉండే ప్రభుత్వ బీమా లాకర్‌లోని వస్తువులకి ఉండదు, కాబట్టి నగలకి విడిగా ఇన్సూరెన్స్ తీసుకోండి. మీ ఆవిడకి ఈ రెండూ చేసి చూపించండి, ఆమె భయం చాలావరకు తగ్గుతుంది.

మీరు అడగని ఒక విషయం. పిల్లల్ని వేరే ఇంటికి ఆడుకోవడానికి పంపేముందు, ఆ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని అడగండి. మనవాళ్ళకి మొహమాటం. అమెరికన్ తల్లులు మొహమాటపడరు, అడిగితే తప్పుగా తీసుకోరు. నేను మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

ఇంకొక్క మాట. మీరు ఇంతకుముందే ఒకసారి రేంజ్‌కి వెళ్ళి వచ్చి ఉంటే ఆ వివరాలు నాకు రాయకండి, గ్రూపులో పెట్టకండి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చెప్పండి. లాయర్‌తో చెప్పిన మాటకి చట్టం రక్షణ ఉంటుంది, నాతో చెప్పినదానికి ఉండదు.