శరణార్థులకు ఉద్యోగాలు చూపించడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి భీమవరంలో బీబీఏ చివరి సంవత్సరం చదువుతోంది. యుద్ధాల వల్ల దేశం వదిలేసి వచ్చిన డాక్టర్లు, ఇంజినీర్లకు కొత్త దేశంలో మళ్లీ వాళ్ల వృత్తే దొరికేలా చూసే సంస్థల్లో పని చేస్తానంటోంది. ఇది ఉద్యోగమా, సేవా? ఏం చదివించాలి?
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: జీతం వచ్చే ఉద్యోగమేనండీ. అమెరికాలో అప్‌వర్డ్‌లీ గ్లోబల్ అనే సంస్థ 2000 నుంచి ఇదే పని చేస్తోంది. నైపుణ్యం ఉన్న శరణార్థుల కోసం కెనడా ప్రభుత్వం 2018లో ప్రత్యేక వలస పథకమే మొదలుపెట్టింది. మన దేశంలో మాత్రం ఈ పోస్టులు బాగా తక్కువ. ఐక్యరాజ్యసమితి 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, ఇక్కడ శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం లేదు. అంటే ఎక్కువగా విదేశాల్లోనే వెతుక్కోవాలి.

అసలు పని ఏమిటో ముందు చూడండి. కోనసీమ నుంచి ఎవరైనా కువైట్ వెళ్తున్నారంటే ఆ హడావుడి మీకు తెలుసు: సర్టిఫికెట్ల అటెస్టేషన్, పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్), మెడికల్, వీసా స్టాంపింగ్. ఒక్క కాగితం తగ్గినా మళ్లీ యూనివర్సిటీకో, పోలీసుల దగ్గరికో పరుగు. శరణార్థికి ఆ పరుగు పెట్టే దారి కూడా ఉండదు. ఏ ప్రభుత్వానికి భయపడి పారిపోయాడో ఆ ప్రభుత్వ ఎంబసీకే వెళ్లి సర్టిఫికెట్ ఇమ్మని ఎలా అడుగుతాడు? ఉద్యోగం ఇచ్చే కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు మామూలు అలవాటు కొద్దీ పాత కాలేజీకి ఒక మెయిల్ కొట్టారనుకోండి, మనిషి ఎక్కడున్నాడో అక్కడ తెలిసిపోవచ్చు. ఊళ్లో మిగిలిన అన్నదమ్ముల మీదికి రావచ్చు. అందుకే ఆ మనిషిని అడగకుండా పాత దేశంలో ఎవరినీ సంప్రదించకూడదు. నా లెక్కలో ఈ వృత్తికి మొదటి నియమం ఇదే.

మరి కాగితాలు లేకుండా ఎలా? జర్మనీలో విదేశీ అర్హతల గుర్తింపు చట్టం 2012లో వచ్చింది. చాలా వృత్తుల్లో పత్రాలు లేకపోతే నిపుణుల ముందు పని చేయించి చూస్తారు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2017 నుంచి ఇంటర్వ్యూ చేసి, ఉన్న ఆధారాలు చూసి ఒక అర్హతా పత్రం ఇస్తోంది. అది ఉన్నంత మాత్రాన డాక్టరుకు లైసెన్సు రాదు. అక్కడి భాష, పరీక్షలు, రిజిస్ట్రేషన్ అన్నీ మళ్లీ మొదటి నుంచే.

ఈలోగా ఇల్లు గడవాలి. ముందు ఏదో ఒక పనిలో చేరిపోమని చెప్పడం తేలికే. కానీ ఏళ్ల తరబడి ట్యాక్సీ నడిపిన సర్జన్‌ను ఏ ఆసుపత్రి పిలుస్తుంది? పరీక్షలు రాస్తూనే ఆసుపత్రిలో దుబాసీగానో, క్లినికల్ రీసెర్చ్‌లో సహాయకుడిగానో కుదిర్చితే వృత్తితో సంబంధం తెగదు, జీతమూ వస్తుంది. అలాంటి మధ్య మెట్టు వెతకడంలోనే ఈ ఉద్యోగం చేసేవాళ్ల పనితనం కనిపిస్తుంది.

చదువు సంగతి. సోషల్ వర్క్ పీజీ మంచిదే, కానీ అదొక్కటే చాలదు. యజమాని ఏం చూసి ఉద్యోగం ఇస్తాడో తెలియని వాళ్లు ఇక్కడ పెద్దగా ఉపయోగపడరు. మీ అమ్మాయికి బీబీఏ ఉంది కాబట్టి ఎంబీఏ హెచ్‌ఆర్ చేసి, రెండేళ్లు రిక్రూట్‌మెంట్‌లో పని చేయడం మేలు. విదేశీ నియామకాలైతే మరీ మంచిది. పక్కన అరబిక్ గానీ జర్మన్ గానీ నేర్చుకోమనండి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో రెండూ చెబుతారు. శరణార్థుల అంశంపై విదేశాల్లో పీజీ చేయించడం కోసం చేపల చెరువు తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే వద్దు. ఆ అనుభవం వచ్చాక స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నర్సు దగ్గరో, ఎలక్ట్రీషియన్ దగ్గరో కూర్చుని వాళ్ల అనుభవమంతా ఒక్క పేజీ రెజ్యూమేగా రాయమనండి. సర్టిఫికెట్ లేని పనిని ఎదుటివాళ్లు నమ్మేలా రాయడం ఎంత కష్టమో తెలుస్తుంది. అది నచ్చితే ఐక్యరాజ్యసమితి ఆన్‌లైన్ వాలంటీర్ల విభాగంలో పేరు నమోదు చేసుకోమనండి. దానికి ఫీజు లేదు. ఎవరైనా డబ్బు అడిగితే కట్టకండి.